దూదమ్మ అడిగి నడిచిన దారి

మా ఆడపడుచుని వీధిలో అందరూ దూదమ్మ అనేవాళ్ళు. పరుపులూ దిళ్ళూ కుట్టే మనిషి. ఎక్కడికి వచ్చినా ముందు దూది వచ్చేది, వెనక ఆమె వచ్చేది. జుట్టులో దూది, కనుబొమ్మల మీద దూది, చెవి మడతల్లో దూది. "నీ జుట్టు ఎప్పుడు నెరిసిందో నీ మొగుడిక్కూడా తెలీకుండా పోయిందే" అని నేను ఆటపట్టించేదాన్ని. "నీది నెరిసిందని వీధి వీధంతా తెలుసుగా వదినా, ఇంటికొకటి చాల్లే" అనేది. మాటకి మాట అప్పగించే మనిషే. నోరు లేక ఓడిపోయిందని ఎవరైనా అంటే నమ్మకండి. నోరుండే ఓడిపోయింది. ఆ సంగతే చెబుతున్నాను.

పెళ్ళయి ఆ ఇంటికి వెళ్ళేటప్పటికి ఆమెకి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. మా అత్తగారు గారంగా పెంచింది. గారం కూతురికి, చాకిరీ కోడలికి. ఆ గొడవలు ఇప్పుడెందుకులెండి. పనంతా మొగుడి దగ్గరే నేర్చుకుంది. అతను దూది ఏకీ ఏకీ దగ్గు తెచ్చుకున్నాడు, ఆ దగ్గే అతన్ని తీసుకుపోయింది. పిల్లల్లేరు. మా ఆయన వెళ్ళి "మా దగ్గరికి వచ్చెయ్యమ్మా" అంటే, "మరి దూది ఏకే మిషను ఎవరు తిప్పుతారన్నయ్యా" అని మూతికి గుడ్డ కట్టుకుని కొట్టంలోకి వెళ్ళిపోయింది. ఆ గుడ్డేదో మొగుడి మూతికి ముందే కట్టుంటే బాగుండేది అనుకున్నాను. పైకి అనలేదు. నేను కూడా కొన్ని అనను.

ఆమె పని చేసే తీరు ఒకటుండేది. పరుపు కావాలని ఎవరొచ్చినా ముందు వాళ్ళని కొట్టంలో చాప మీద పడుకోబెట్టేది. ఆఫీసరైనా సరే, చెప్పులు విప్పి పడుకోవాల్సిందే. భుజం ఎక్కడ ఆనుతోంది, నడుము ఎక్కడ తేలుతోంది అని చుట్టూ తిరిగి చూసేది. ఒకావిడ సిగ్గుపడి, "నా లావు చూస్తున్నావా ఏంటి" అంది. "లావు మోసేది మీరు, నాకెందుకండీ. దూది ఎక్కడ వెయ్యాలో చూస్తున్నా" అంది మా పిల్ల, ఆడపడుచుని నేను అనేది అలాగే. చూశాక చారల గుడ్డని పెద్ద సంచీలా కుట్టి, ఏకిన దూదిని పొరలు పొరలుగా పరిచి, కర్రతో కొట్టి సాపు చేసి, మూరకొక చోట దబ్బనం దించి ముడి బిగించేది. ఆమె కుట్టిన పరుపు మీద పడుకున్నవాళ్ళు పొద్దున్నే లేచేవాళ్ళు కాదు. అంతకంటే మెచ్చుకోలు ఏముంటుంది.

ఇల్లు మాత్రం లోపలిది. వీధిలో నిలబడి చూస్తే కనబడదు. ముందు టీచరమ్మ ఇల్లు. ఆ ఇంటి పక్కనుంచి వెనకదాకా పొడుగ్గా ఖాళీ వాకిలి. వాకిలి చివర ఒక చెక్క తలుపు. ఆ తలుపు అవతల దూదమ్మ ఇల్లూ, దూది ఏకే కొట్టమూ. కుడిపక్కన గోడౌను గోడ, ఎడంపక్కన ఎవరిదో మేడ గోడ, వెనక మురుగు కాలవ. సీసా మూతి దగ్గర టీచరమ్మ, సీసా అడుగున మా పిల్ల.

వెనకటికి అదంతా ఒకటే స్థలం. టీచరమ్మ మావగారు వెనక ముక్క విడదీసి దూదమ్మ మావగారికి అమ్మాడు. నాలుగు దిక్కులా ఎవరెవరి గోడలున్నాయో రాసుకున్నారు గానీ, దారి సంగతి ఎవరూ రాయలేదు. ముందు ఇంట్లోంచి కాక ఎక్కడ్నుంచి వెళ్తారు, ఆకాశంలోంచి దిగుతారా? తెలిసిందే కదా అనుకున్నారు. తెలిసిందే కదా అనుకున్నదే తరవాత కొంపలు ముంచుతుంది.

దూదమ్మ రోజూ వాకిట్లోకి అడుగు పెట్టేముందు చెక్క తలుపు దగ్గర ఆగేది. "టీచరమ్మా, వెళ్తున్నా" అని కేక వేసేది. వంటింటి కిటికీలోంచి "వెళ్ళిరా" అని వినబడేది. అప్పుడు కదిలేది. తిరిగి వచ్చేటప్పుడు వీధి వైపు మెట్టు దగ్గర ఆగి, "టీచరమ్మా, వస్తున్నా." లోపల్నుంచి "రా." పరుపు పట్టుకెళ్ళేటప్పుడు అదొక ఊరేగింపు. ముందు ఆటోవాడు, వెనక ఈమె, నడుమ తలల మీద పరుపు. "టీచరమ్మా, ఇద్దరు పడుకునేది వెళ్తోంది." "మెల్లిగా పోనీ, నా గులాబీ కొమ్మ విరిచావంటే చెవి మెలేస్తా." ఒకసారి టీచరమ్మ వాకిట్లో సిమెంటు చేయించి, "ఆగవే, ఇంకా తడారలేదు" అంది. మా పిల్ల ఆగింది. పరుపు కోసం వీధిలో నిలబడ్డ మనిషిని "రేపు రండి, సిమెంటు ఆరలేదట" అని లోపల్నుంచే కేకేసి పంపించేసింది.

నాకు ఒళ్ళు మండేది. "నీ ఇంటికి నువ్వు వెళ్ళడానికి రోజూ ఈ అర్జీ ఏంటే" అనేదాన్ని.

"ఒకళ్ళ వాకిట్లోంచి నోరు మెదపకుండా పోడానికి నేనేమన్నా పిల్లినా వదినా" అనేది. "మా అమ్మ మమ్మల్ని అలా పెంచలేదు."

"మీ అమ్మ పెంపకం సంగతి నాకు చెప్పకు. ఆవిడ కింద నేనూ పెరిగాను."

నిజానికి టీచరమ్మకీ ఆ కేక కావాలి. ఆవిడా ఒంటరిదే. మోకాళ్ళు పట్టేసి కిటికీ పక్క కుర్చీలోంచి లేవలేకపోయేది. కొడుకు పొద్దున్నే మోటారు సామాన్ల కొట్టుకి వెళ్తే చీకటి పడ్డాకే రావడం. "నువ్వు పిలవకపోతే నేనున్నానో పోయానో నాకే తెలీదే" అని ఆవిడ అనడం నా చెవులతో విన్నాను. ఆవిడ నడుముకని దూదమ్మ ఒక గట్టి పరుపు కుట్టి పెట్టింది. నడుము దగ్గర దూది ఎక్కువ, భుజాల దగ్గర తక్కువ. ఆవిడ పోయింది కూడా ఆ పరుపు మీదే.

ఆవిడ పోయాక కూడా మా పిల్ల కేక మానలేదు. ఇప్పుడు ఆ ఇంటికి కొత్తగా వచ్చిన కోడలు పలికేది. "వెళ్ళండి, రోజూ చెప్పాలా" అని విసుక్కునేది. విసుగులోనూ వెళ్ళండి అనే మాట ఉందిగా అని ఈమె తృప్తి.

కొన్నాళ్ళకి టీచరమ్మ కొడుకు చెక్క తలుపు దగ్గరికి వచ్చాడు. చెడ్డవాడని నేను అనను. పుట్టిన కొత్తల్లో దూదమ్మ కుట్టిన బొంత పరుపు మీద పడుకున్నవాడే. పిన్నీ అనే పిలుస్తాడు.

"పిన్నీ, ఏమీ అనుకోకండి. వాకిట్లో అద్దెకి గదులు వేద్దామనుకుంటున్నా."

"వేసుకో నాయనా, మీ జాగా. దారి ఎటు వదులుతున్నావు?"

"దారంటే, మీకు వెనక కాలవ గట్టు ఉందిగా పిన్నీ."

"గట్టు మీద మనిషి నడుస్తుంది. పరుపు నడవదు."

"చుట్టి పట్టుకెళ్ళండి."

"కొత్త పరుపు చుడితే లోపల దూది చీలి గుంట పడుతుంది నాయనా. అది మళ్ళీ సాపు కాదు. నేను గుంట పరుపు ఇస్తే నా దగ్గరికి ఎవరొస్తారు?"

"ఈ రోజుల్లో అందరూ స్పాంజి పరుపులే కొంటున్నారు పిన్నీ, మీరింకా ఎన్నాళ్ళు కుడతారు."

"చేతులు ఆడినన్నాళ్ళు" అంది మా పిల్ల. అతను తల గీరుకుని వెళ్ళిపోయాడు. మర్నాడే వాకిట్లో ముగ్గుపిండితో పునాది గీతలు గీశారు. గీత సరిగ్గా చెక్క తలుపుకి అడ్డంగా వచ్చింది.

దూదమ్మని తీసుకుని మా ఆయనా నేనూ వకీలు దగ్గరికి వెళ్ళాం. కుర్రాడు. మంచివాడే, కాకపోతే మనం రెండు ముక్కలు చెప్పేలోపు నాలుగుసార్లు కళ్ళజోడు తుడిచేవాడు. అంతా విని, ఒకటే అడిగాడు.

"అమ్మా, ఇన్నేళ్ళూ మీరు వాళ్ళని అడిగి నడిచారా, అడక్కుండా నడిచారా?"

"అడక్కుండా ఎలా నడుస్తాం బాబూ" అంది దూదమ్మ.

అతను కళ్ళజోడు బల్ల మీద పెట్టేశాడు. "ఈ మాట ఇక్కడితో మర్చిపోండి. ఏళ్ళ తరబడి, నలుగురూ చూస్తుండగా, ఎవర్నీ అడక్కుండా, ఇది నా దారి అని నడిస్తే అది మీ హక్కవుతుంది. అడిగి, వాళ్ళు సరే అన్నాక నడిస్తే అది వాళ్ళ దయ. దయ ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి తీసుకోవచ్చు."

దూదమ్మ ముందుకి వంగింది. "అయితే దొంగలా నడిచుంటే గెలిచేదాన్నా?"

"దొంగలా కాదమ్మా. దొంగ దాక్కుంటాడు. దొరలా నడవాలి."

"మర్యాద తెలిసినవాళ్ళకి దారి లేదు, తెలీనివాళ్ళకి ఉంది" అన్నాను నేను. "ఎవరు బాబూ రాశారు ఈ చట్టం? వాళ్ళావిడ ఏమీ అనలేదా?"

మా ఆయన నా చెయ్యి నొక్కాడు. నేను అయ్యో అనే చోట ఆయన చెయ్యి నొక్కుతాడు, నేను తిట్టే చోటా నొక్కుతాడు. అదొక్కటే ఆయనకి వచ్చిన భాష.

"నేను అబద్ధం చెప్పమనడం లేదు" అన్నాడు వకీలు. "ఏమడిగినా, మా దారి, మేం నడిచాం అనండి. అంతకు మించి ఒక్క ముక్క వద్దు. ఇంకోటి, కేసు నడిచినన్నాళ్ళు ఆ కేక మానెయ్యండి."

కేసు తేలేదాకా దారి మూయొద్దని కోర్టు చెప్పింది కాబట్టి, ఆ కాలమంతా మా పిల్ల అదే వాకిట్లోంచి నడిచింది. కేక వెయ్యకుండా నడిచింది. నేను చూశాను. చెక్క తలుపు దగ్గరికి వచ్చి, అలవాటుగా ఆగేది. నోరు తెరిచేది. గుర్తొచ్చి మూసేది. తల వంచుకుని గోడ పక్కనుంచి గబగబా పోయేది. దొరలా నడవమంటే ఆమెకి అది ఒక్కటే వచ్చింది.

సాక్ష్యం చెప్పే రోజు దగ్గరకొచ్చింది. మా వంటింట్లో రోజూ నేను గరిటె పట్టుకుని వాళ్ళ వకీలునయ్యేదాన్ని.

"చెప్పమ్మా, ఆ దారి ఎవరిది?"

"మా దారి. మేం నడిచాం."

"ఎవర్ని అడిగి నడిచావు?"

"మా దారి. మేం నడిచాం."

"మీ వదిన నిన్ను ఎప్పుడైనా తిట్టిందా?"

"మా దారి... అబ్బ, ఊరుకో వదినా, ఇప్పుడు నవ్వొస్తే అక్కడా నవ్వొస్తుంది."

దబ్బనం దిగినట్టు ఒకే చోట దిగేది ఆమె మాట. ఇంక భయం లేదనుకున్నాం.

కోర్టుకి వెళ్ళే పొద్దున నేనే దగ్గర కూర్చుని ఆమె తల దువ్వాను. దువ్వెనకి దూది పోగులు పోగులుగా వచ్చింది. అంతా తీశాక జుట్టు ఏ రంగులో ఉందో మొదటిసారి చూశాను. దూది పోయినా తెల్లగానే ఉంది. నేనేమీ అనలేదు. ఆమే అంది, "ఏం వదినా, మాట పడిపోయిందా?"

కోర్టు గది పెద్దదేమీ కాదు. గోడల నిండా తాళ్ళు కట్టిన కాగితాల కట్టలు, పైన గొణుక్కుంటూ తిరిగే ఫ్యాను, కూర్చుంటే కిర్రుమనే బల్లలు. అవతలి వకీలు నడివయసు ఆడమనిషి. గొంతు మహా మెత్తగా ఉంది. మెత్తటి గొంతంటే నాకు ముందే అనుమానం వస్తుంది, ఆ రోజు కూడా వచ్చింది. మా పిల్లని చూసి నవ్వి, కూర్చుంటారా అమ్మా అని కూడా అడిగింది. ఈమె వద్దని నిలబడింది.

"ఆ దారి ఎవరిదమ్మా?"

"మా దారి. మేం నడిచాం."

మా కుర్ర వకీలు తల ఊపాడు.

"టీచరుగారు మీకు బాగా తెలుసా?"

"తెలుసు."

"ఎలాంటి మనిషి?"

"అలాంటి మనిషి మళ్ళీ పుట్టదు." ఈ మాట నేను నేర్పలేదు. కానీ తప్పేముందిలే అనుకున్నాను.

"ఆవిడ నడవలేక కుర్చీలోనే కూర్చునేవారట, నిజమేనా?"

"నిజమే. మోకాళ్ళు."

"పాపం." ఆవిడ కాగితాలు సర్దుకుంది. "అంటే, అంత జబ్బు మనిషి ఆ కిటికీలో కూర్చుని చూస్తుండగా, మీరు ఆవిడ్ని ఒక్కమాటైనా పలకరించకుండా, మీ సొంత ఇల్లన్నట్టు, దూది దులుపుకుంటూ ఆవిడ వాకిట్లోంచి పరుపులు మోసుకుపోయేవారన్నమాట. ఒక్క రోజు కూడా, వెళ్తున్నానండీ అని అనలేదు."

మా పిల్ల మొహం ఎర్రబడింది. నేను బల్ల అంచు పట్టుకున్నాను.

"నేనా?" అంది.

"మీరే కదమ్మా నడిచింది."

"చెప్పకుండా నేను ఒక్క అడుగు వెయ్యలేదు. ఒక్క రోజు కూడా. ఆవిడ్నే అడగండి."

"ఆవిడ లేరు కదమ్మా."

"ఆవిడ లేకపోతే వాళ్ళబ్బాయి ఉన్నాడు, అదిగో. చెప్పు నాయనా, మీ అమ్మని అడక్కుండా ఎప్పుడైనా మీ గడప దాటానా? చెప్పు."

టీచరమ్మ కొడుకు తల వంచేసుకున్నాడు. జడ్జిగారు నెమ్మదిగా, "ఆయన్ని అడక్కండి, మీకు తెలిసింది మీరు చెప్పండి" అన్నారు.

"చెబుతాను. వెళ్ళేటప్పుడు వెళ్తున్నా అనేదాన్ని, వెళ్ళిరా అనేది. వచ్చేటప్పుడు వస్తున్నా అనేదాన్ని, రా అనేది. వినబడకపోతే మళ్ళీ పిలిచేదాన్ని."

"ఆగమంటే?"

"ఆగేదాన్ని. సిమెంటు తడి ఉందంటే ఆరేదాకా ఆగాను. పరుపు కోసం వచ్చినాయన్ని తిప్పి పంపాను."

"వద్దంటే?"

"ఆవిడ వద్దనదు."

"అంటే?"

"వద్దంటే ఎలా వెళ్తానమ్మా, ఆవిడ వాకిలి కదా."

అవతలి వకీలుకి అది చాలు. థాంక్సమ్మా అని కూర్చుంది. మా వకీలు కలానికి మూత పెట్టేశాడు.

మా పిల్ల దిగి వచ్చింది. నడకలో ఒక ఠీవి. పక్కన కూర్చుని నా చెవిలో, "బాగా చెప్పానా వదినా? నా మీద అంత నింద వేస్తుందా ఆవిడ" అంది.

"బాగా చెప్పావే" అన్నాను. ఇంకేమంటాను. మా ఆయన లేచి బయటికి వెళ్ళిపోయాడు.

బయట టీ బడ్డీ దగ్గర కుర్ర వకీలు జరిగిన నష్టం చెప్పాడు. తిట్టలేదు, పాపం. ఆమె టీ గ్లాసు చేతిలో పట్టుకుని విన్నది. సగంలో ఆమెకి అర్థమైపోయింది. ఒకటి మాత్రం అంది.

"మరి ఆవిడ నన్ను అంత మాట అంది కదా బాబూ."

"అంటే మీరు పౌరుషపడతారని తెలిసే అందమ్మా."

"పడకుండా ఎలా ఉంటారు?" అంది. నిజంగానే అడిగింది. అతను కళ్ళజోడు తీసి తుడిచాడు. గ్లాసులో టీ మీద తొరక కట్టింది.

తీర్పులో జడ్జిగారు పెద్ద పెద్ద మాటలే చదివారు. మాకు వకీలు విప్పి చెప్పాడు. టీచరమ్మ మంచితనంతో నడవనిచ్చింది, ఆవిడతోటే ఆ నడవనివ్వడం పోయింది, అడిగి నడిచినది హక్కు కాదు. పైగా వెనక కాలవ గట్టు ఉంది కాబట్టి బొత్తిగా దారి లేదనడానికీ లేదు. పై కోర్టుకి వెళ్దామా అన్నాడు. "అక్కడ మాత్రం నేను అడగలేదని చెప్పమంటారా" అంది మా పిల్ల. అతను కాగితాలు కట్టేశాడు. అంతటితో అయిపోయింది.

గోడ లేచింది. చెక్క తలుపు విప్పి, మేస్త్రీలు దాని మీదే సిమెంటు కలుపుకున్నారు. ఈమె ఇవతలి వైపు పీట వేసుకుని దిళ్ళు కుడుతూ కూర్చుంది. ఇటుక వరస పెరిగే కొద్దీ ముందు టీచరమ్మ గులాబీ మొక్క పోయింది, తరవాత వంటింటి కిటికీ పోయింది, చివర వీధి దీపం పోయింది.

ఆ తరవాత ఒప్పుకున్న పరుపు ఒకటి ఇవ్వాల్సి ఉంది. కొత్త కాపురం వాళ్ళది. కాలవ గట్టు మీద అడుగు పక్కన అడుగు పెట్టే చోటు లేదు, బురద, గాజుపెంకులు. ముందు ఆటోవాడు, వెనక ఈమె. వద్దంటే వినలేదు. నేను వెనకాల చూస్తూ నిలబడ్డాను. గట్టు వంపు దగ్గర ఆటోవాడి కాలు జారింది. మనిషి నిలదొక్కుకున్నాడు, పరుపు పడిపోయింది. వెల్లకిలా పడి, కాసేపు తెప్పలా తేలింది. తరవాత మెల్లిగా అంచుల దగ్గర్నుంచి నల్లబడుతూ, కుట్టు కుట్టు దగ్గరా బుడగలు వదులుతూ మునిగింది.

దూదమ్మ గట్టు మీద గొంతుక్కూర్చుని చూసింది. ఏడుస్తుందేమోనని దగ్గరికి వెళ్ళాను.

"చూడు వదినా, ఎలా తాగుతోందో" అంది. "ఎన్నాళ్ళ దాహమో."

నేను నవ్వాననుకుంటా. ఆమె నవ్వలేదు.

ఇంక పరుపులు మానేసింది. దిళ్ళు కుట్టింది. దిళ్ళైతే సంచిలో వేసుకుని గట్టు మీద తెచ్చుకోవచ్చు. కొట్టంలో చాప చుట్టి మూలన పెట్టేసింది. దిండుకి మనిషిని పడుకోబెట్టి చూడక్కర్లేదు. తల ఎవరిదైనా ఒకటే అంది.

ఒకరోజు నేను అక్కడుండగా టీచరమ్మ కొడుకు కాలవ గట్టు మీంచి వచ్చాడు. భుజాన చుట్టిన పాత పరుపు. ఒక కాలు మోకాలిదాకా మురుగు. వాళ్ళ గోడకి ఇవతల అతను నిలబడటం అదే మొదటిసారి.

"ఎంత చుట్టు తిరిగావు నాయనా" అంది దూదమ్మ. "అటునుంచి రాకపోయావా."

అతను గోడ వంక చూసి, కళ్ళు దించుకున్నాడు. "అమ్మ పరుపు పిన్నీ. పిల్లలు పడుకుంటారని. ఒకసారి ఏకి మళ్ళీ కుట్టి ఇస్తారేమోనని."

ఆమె వెంటనే పరుపు అందుకుంది. కుట్లు కోసి, గుడ్డ ఒక పక్కకి తిప్పింది. లోపల దూది గట్టిగా, పసుపుపచ్చగా అణిగిపోయి ఉంది. నడుము ఆనిన చోట ఒక పల్లం, భుజం ఆనిన చోట ఇంకో పల్లం. పక్కకి తిరిగి పడుకునేదేమో, మోకాలు పెట్టుకున్న చోట చిన్న గుంట. మనిషి లేచి మంచినీళ్ళకి వెళ్ళినట్టుంది. దూదమ్మ అరచేత్తో ఆ పల్లం మీద రాసింది.

"ఏకితే ఇది పోతుంది నాయనా" అంది. "మిషనులో వేస్తే అంతా ఒకటే దూది. ఏకమంటావా?"

అతను ఆ పల్లం వంక చూశాడు. "వద్దు పిన్నీ. అలాగే ఉంచండి."

"అయితే గుడ్డ ఒక్కటే మారుస్తా. పిల్లల్ని దీని మీద పడుకోబెట్టకు, నడుములు పాడవుతాయి. నువ్వు పడుకో."

కూర్చుని గుడ్డ మార్చింది. పాత దబ్బనం చిల్లుల్లోంచే దారం దించి, పల్లం చెదరకుండా కుట్టింది. అతను అక్కడే స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. దారం తెంపుతుంటే అన్నాడు.

"కేసు దాకా ఎందుకు వెళ్ళారు పిన్నీ. అమ్మని అడిగినట్టు నన్నూ అడిగుంటే, నేను మాత్రం కాదంటానా. ఎంతో కొంత వదిలేవాణ్ణి."

నాకు నాలుక చివరిదాకా వచ్చింది. పునాది గీతలు గీసిన రోజు గుర్తుచేద్దామనుకున్నాను. ఆమె నా వైపు చూసింది, ఆగమన్నట్టు.

"అడిగినందుకే ఓడిపోయాను నాయనా" అంది. "ఇంకా అడగమంటావా?"

అతను పరుపు చుట్టుకుని లేచాడు. గట్టు మీద పడకుండా ఈమే కొంత దూరం వెనక అంచు పట్టుకుని వెళ్ళింది. కూలి ఇవ్వబోతే వద్దంది.

దూది మూటలు తెచ్చేవాడు ఆ గట్టు మీద రానని మానేశాడు. తరవాత మిషను. దాన్ని అప్పట్లో టీచరమ్మ వాకిట్లోంచి నలుగురు దొర్లించుకుంటూ తెచ్చారు, టీచరమ్మ కిటికీలోంచి "అటు తిప్పండి, ఇటు తిప్పండి" అని పెత్తనం చేసింది. ఇప్పుడు అది ఉన్నదున్నట్టు బయటికి రాదు. ముక్కలు ముక్కలుగా విప్పి, పాత ఇనుము వాళ్ళు గట్టు మీంచి మోసుకుపోయారు. దూది ఏకే పళ్ళ చక్రం పట్టుకెళ్తున్నప్పుడు మాత్రం దూదమ్మ లోపలికి వెళ్ళిపోయింది. ఇల్లు కూడా టీచరమ్మ కొడుక్కే ఇచ్చేసింది. దారి లేని ఇల్లు ఇంకెవరు తీసుకుంటారు. గోడ అవతలివాళ్ళకి మాత్రం దారి ఉంది.

ఇప్పుడు మా దగ్గరే ఉంటోంది. వెనక గది ఆమెది. ఆమె వీధిలోకి వెళ్ళాలంటే ముందుగదిలోంచే వెళ్ళాలి. ముందుగదిలో కిటికీ దగ్గర మంచం మీద నేనుంటాను, నాకూ మోకాళ్ళు పట్టేశాయి. వచ్చిన కొత్తల్లో, ఇంక మొదలవుతుంది, వదినా వెళ్తున్నా, వదినా వస్తున్నా అని బుర్ర తినేస్తుంది, మాట్లాడితే చాలు అర్జీ పెడుతుంది అనుకున్నాను. గట్టిగా చెప్పెయ్యాలని మాట కూడా సిద్ధం చేసుకున్నాను. ఇది మీ అన్నయ్య ఇల్లు, ఎవర్నీ అడగక్కర్లేదు అని.

చెప్పే పని పడలేదు. ఆమె అడగదు. వెనక గది తలుపు తీసుకుని వస్తుంది, నా మంచం పక్కనుంచి తల వంచుకుని గోడ వారగా గబగబా వెళ్ళిపోతుంది. పిల్లిలాగే. చెప్పుల చప్పుడు కూడా వినబడనివ్వదు. ఎక్కడికే అంటే, ఇక్కడికే అంటుంది. జుట్టులో దూది లేదు, ఆటపట్టించడానికి కూడా ఏమీ మిగల్లేదు.

మొన్న పొద్దున కూడా అలాగే వెళ్ళింది. గడప దాటేదాకా చూశాను, ఏమన్నా అంటుందేమోనని. అనలేదు.

"వెళ్ళిరా" అన్నాను.

వినబడిందో లేదో, మెట్టు మీద ఒక్క క్షణం ఆగింది. వెనక్కి తిరగలేదు. తరవాత వెళ్ళిపోయింది.